ఎండకెదురు ఫొటో

విశాఖలో ఇప్పుడు కైలాసగిరి అంటే ఓ సాయంత్రం పని. బండి తీస్తే ఘాట్ రోడ్డు మీద నాలుగు మలుపులు, లేదంటే కింద రోప్‌వే టికెట్టు. మా ఇంట్లో అది ముందు రోజు రాత్రి చింతపండు నానెయ్యడంతో మొదలయ్యేది. తెల్లారకముందే ఇంగువ పోపు వాసన, ఆవ పెట్టిన పులిహోర ఘాటు మంచాల దాకా వచ్చేసేవి, ఇక పడుకోవడం అన్న మాటే లేదు. స్టీలు క్యారియర్ అడుగు గిన్నెలో పులిహోర, మధ్య గిన్నెలో బంగాళాదుంప వేపుడు, పై గిన్నెలో మధ్యాహ్నానికి పులవకుండా పాలు ఎక్కువ పోసి కలిపిన పెరుగన్నం. నీళ్లకి ఇత్తడి మరచెంబు. దాని మూతని ఇంట్లో ఎవరో ఒకరు అడ్డదిడ్డంగా తిప్పి బిగించేస్తే, కొండ మీద నాన్న చేతిరుమాలు చుట్టి, పళ్లు బిగబట్టి, మోకాళ్ల మధ్య ఇరికించి తిప్పేవాడు. అది కీచుమంటూ వదిలేసరికి సగం నీళ్లు లాగు మీద. మిగిలిన సగానికి ఇత్తడి రుచి. ఇప్పుడు పైన ఎక్కడబడితే అక్కడ నీళ్ల సీసాలు దొరుకుతాయి, ఆ రుచి కావాలని ఎవరూ అడగరు, నేనూ అడగను.

ఎక్కేటప్పుడు ఒక పక్క ఎండు గడ్డి, జీడిమామిడి, ఎర్రమట్టి. గాలి మళ్లిందంటే కింద జోడుగుళ్లపాలెంలో ఇసక మీద ఆరబోసిన చేపల వాసన. నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "బేగి రండిరా గుంటల్లారా" అని అందర్నీ తరిమేది. తనే అందరికంటే వెనక.

పైకి చేరాక పార్కులో చూడాల్సినవి చాలానే ఉన్నా, తెల్లటి శివపార్వతుల ముందు దండం పెట్టుకోవడం అయిపోగానే మా నాన్న మమ్మల్ని దక్షిణం వైపు గట్టు దగ్గరికి తీసుకుపోయి వేలు చాపేవాడు. అదిగో యారాడ కొండ, దాని కొసే డాల్ఫిన్ నోస్, దాని మీద లైట్‌హౌసు. ఇటు ఆర్కే బీచి, లాసన్స్ బే. వెనక్కి తిరిగితే సింహాచలం కొండలు. సముద్రంలో పోర్టు బయట వంతు కోసం లంగరు వేసుకుని నిలబడ్డ ఓడలుండేవి. నాన్న పోర్టులో గుమాస్తా కాబట్టి వాటిని చూస్తే మాత్రం గొంతు మారేది. ఎత్తుగా తేలుతూ అడుగున ఎర్ర రంగు కనిపిస్తోందంటే కడుపు ఖాళీ, ఇనప ఖనిజం ఎక్కించుకోడానికి వచ్చినట్టు. ఆ ఎరుపు నీళ్లలో మునిగిపోయి ఉంటే సరుకుతో ఉన్నట్టు, బొగ్గేమో, స్టీల్ ప్లాంటుకి. అందులో ఎంత నిజమో, మా ముందు ఎంత దర్జా పోయాడో గానీ, నేను ఇప్పటికీ ఓడని చూస్తే ముందు దాని అడుగు రంగే చూస్తాను. ఆ తర్వాత మా ఇల్లు వెతకడం. నీళ్ల ట్యాంకు, దానికి కుడిపక్క కొబ్బరిచెట్టు, ఆ వెనక పిట్టగోడ, అదేనా, కాదు కాదు ఆ పక్కది. ఎవరికీ నిజంగా కనపడేది కాదు, అందరం కనపడిందనే అనేవాళ్లం. ఇప్పుడు ఆ దిక్కున అపార్ట్‌మెంట్లు లేచాయి, వెతకాల్సిన పనీ లేదు, ఫోను చెప్పేస్తుంది. చాపిన వేలు పట్టుకుని చూపు సాగించడమే లేకుండా పోయింది, అది పోయిన రోజేదో మాత్రం ఎవరూ గమనించలేదు.

అంతమాత్రాన అవేవో బంగారు రోజులని నేననను. దారిలో మరుగు ఎక్కడా లేక అమ్మ, అత్తయ్యలు పొద్దున్నించీ గుక్కెడు నీళ్లు తాగడానికి జంకేవారు, మేం ఆ మరచెంబు కోసం కొట్టుకుంటుంటే వాళ్లు ఎందుకు వద్దంటున్నారో అప్పట్లో తెలీలేదు. పొద మాటున ఓ జంట కూచుంటే చాలు, పెద్దమనుషులకి హక్కు వచ్చేసేది, పేర్లడగడం, తండ్రి పేరడగడం. కార్తీకంలో ఆఫీసు వాళ్లంతా కలిసి ఉసిరిచెట్టు వెతుక్కుని చేసే వనభోజనాల్లో కూడా ఎవరు వండాలి, ఎవరు విస్తళ్లు ఎత్తాలి అన్నది ఎవరూ చెప్పకుండానే తేలిపోయేది. ఇప్పుడు కులానికో వనభోజనం, బ్యానరుతో సహా, దాపరికం లేదు. నాయనమ్మకి మోకాళ్లు పోయాక రోప్‌వే లేకపోతే ఆ కొండ మళ్లీ చూసేదే కాదు, కళ్లు మూసుకుని కూచున్నా సరే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక కొండ గుర్తుపట్టలేకపోయాం. నిలిచిన చెట్లకి కూడా ఆకు లేదు, ఉప్పుగాలికి మాడిపోయిన గోధుమరంగు. చెట్లు పోవడంతో సముద్రం అంతకుముందు కనపడని చోట్ల నించి కూడా కనపడింది. దానికి సంతోషించాలో లేదో తెలీక చూస్తూ నిలబడ్డాం. మళ్లీ నాటారు, పచ్చబడింది. పార్కు చూసుకునే వుడా పోయి వీఎంఆర్‌డీఏ అయింది, ఈమధ్య గాజు వంతెన కూడా వచ్చింది, జనం బాగానే వస్తున్నారు.

ఫొటోల సంగతి వేరు. రీలుకి 36, అందులో కొండకి కేటాయించేవి రెండో మూడో, తక్కినవి పెళ్లిళ్లకి దాచాలి. సముద్రం తూర్పున ఉంది, వెనకాల సముద్రం పడాలి, ఫొటోల వంతు వచ్చేది మధ్యాహ్నం తర్వాత, అంచేత అందరం పడమటెండకి ఎదురుగా నిలబడేవాళ్లం. నవ్వమని అనేవాడు ఫొటో తీసే మావయ్య, కళ్లు తెరవమనీ అనేవాడు, రెండూ ఒకేసారి ఎవరివల్లా అయ్యేది కాదు. మొన్న మా అక్క మనవరాలు ఆల్బమ్ తిరగేసి, "తాతయ్యా, అందరూ ఇంత కోపంగా ఉన్నారేంటి?" అనడిగింది. ఎండమ్మా అన్నాను. నాన్నది మాత్రం ఎండ లేకపోయినా అదే మొహం.