సూరత్: పొద్దెక్కితే నేరమయ్యే గ్లాసు

సూరత్‌లో సైకిల్ మీద బీరు యాత్రకు పథకం వేసేవారికి ఎండ, ట్రాఫిక్ కంటే ముందు అడ్డొచ్చేది చట్టం. హైదరాబాద్, బెంగళూరు సైకిల్ బృందాలు ఆదివారం యాభై కిలోమీటర్లు తొక్కి ఏ మైక్రోబ్రూవరీలోనో సేదదీరవచ్చు. సూరత్‌లో ఆ ఊసే లేదు. బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన మద్యనిషేధ చట్టాన్ని 1960లో పుట్టిన గుజరాత్ వారసత్వంగా అందుకుంది. 2023 డిసెంబర్‌లో గాంధీనగర్‌లోని గిఫ్ట్ సిటీకి సడలింపు దొరికింది కానీ వజ్రాల నగరానికి దక్కలేదు.

ఇక మిగిలింది డామన్. 1961 దాకా పోర్చుగీసుల చేతిలో ఉన్న ఈ తీర పట్టణంలో నిషేధం లేదు. దూరం దాదాపు 120 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం లారీలు దూసుకెళ్లే జాతీయ రహదారి. అంత శ్రమపడి వెళ్లినా తాగి తిరిగొస్తే చిక్కే. సంచిలో సీసా లేకపోయినా, ఒంట్లో మద్యం ఉందని తేలితే గుజరాత్‌లో కేసు తప్పదు. అంటే రాత్రి అక్కడే బస చేయాలి. ఆదివారం షికారుకు ఇంత తతంగమా?

దానికంటే చలికాలపు నీరా మేలు. ఇక్కడ 'ఖజూరి' అనేది మన ఈతచెట్టే. రాత్రంతా సున్నం పూసిన కుండలోకి కారిన తియ్యటి రసాన్ని తెల్లవారుజామునే దించుతారు. సున్నం పులియడాన్ని కాసేపు ఆపుతుంది, అంతే. పొద్దెక్కి వేడి తగిలితే గాలిలోని ఈస్టు పని మొదలుపెడుతుంది, కొన్ని గంటల్లో నీరా కల్లవుతుంది. చెట్టూ అదే, రసమూ అదే. పొద్దున పానీయం, మధ్యాహ్నానికి నేరం. అందుకే ఈ యాత్రకు మ్యాపు కంటే గడియారం ముఖ్యం. చీకటితోనే బయల్దేరి, నగరం దాటకముందే గ్లాసు ఖాళీ చేసి, ఆ తర్వాత తీరిగ్గా తొక్కాలి.

ఎటు? ఉధ్నా, సచిన్ మీదుగా నవ్‌సారి, అక్కడి నుంచి దండి. మొత్తం యాభై కిలోమీటర్ల పైచిలుకు, దాదాపు అంతా చదునైన నేల. 1930 ఏప్రిల్ 6న గాంధీ ఉప్పు తీసిన తీరమది. ఆ రోజుల్లోనే ఆయన ఈ జిల్లాలో కల్లుచెట్లను నరకమన్నారు. విచిత్రమేమిటంటే, తర్వాతి కాలంలో ఆయనే నీరాను, తాటిబెల్లాన్ని వెనకేసుకొచ్చారు. గీత కార్మికుడికి బతుకుతెరువు కావాలి కదా! హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్ వెనక ఉన్నదీ ఇదే లెక్క.

మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. లొట్టి, ఈతకల్లు ఎరిగిన నాలుకకు ఇక్కడి నీరా మొదటి గుక్కలోనే కొరతగా అనిపిస్తుంది. తీపి ఉంది, పులుపే లేదు. తిరుగు ప్రయాణంలో ఓపిక లేనివారు దండి నుంచి నవ్‌సారి దాకా తొక్కితే చాలు, అక్కడ సూరత్ రైలు దొరుకుతుంది.