ఇంజక్టరు లెక్క

మా పూర్వవిద్యార్థి యొకడు తన నాలుగు సిలిండర్ల కారునకు టర్బో అమర్చించి, పెట్రోలు చిమ్ము ఇంజక్టర్లలో మిక్కిలి పెద్దవి, 1000 సీ.సీ.వి, కొనదలచితినని మాతో చెప్పెను. రెండేండ్ల జీతములో మిగిల్చిన పైకము చాలవఱకు ఆ యింజనులోనే యున్నది. మేమైనచో టర్బోయే వలదందుము. అతడడిగినది అది కాదు. కావున కాగితము తెప్పించి లెక్క వేయించితిమి.

అతడు కోరినది 300 అశ్వశక్తి. టర్బో యింజను అశ్వశక్తి యొక్కింటికి గంటకు సుమారు 0.6 పౌను పెట్రోలు గ్రహించును. మొత్తము 180 పౌనులు, ఇంజక్టరొక్కటికి 45. అయితే ఇంజక్టరు తెఱచి మూసికొనుటకు వ్యవధి వలయును గావున, నూటికి 80 పాళ్ల కాలమే తెఱచియుండునట్లు ఎంచుట వాడుక. 45ను 0.8చే భాగింపగా 56 పౌనులకు పైన, అనగా నిమిషమునకు సుమారు 590 సీ.సీ. తేలెను. ఎనిమిదవ తరగతివారును దీనిని సరిచూడవచ్చును.

“పెద్దదైన నష్టమేమి, అయ్యగారూ?” అనెను. బండి నిలిచి ఇంజను మెల్లగా తిరుగునప్పుడు పెద్ద ఇంజక్టరును తెఱచినంతనే మూయవలసివచ్చును. సెకండులో వేయవ వంతుకు దిగు నా స్వల్పకాలమున ధార నిలుకడగా నుండదు, ఇంజను దగ్గుచుండును. చిన్నదైనచో కీడు మఱింత పెద్దది. నిండు భారమున పెట్రోలు చాలక, వేడిమి హెచ్చి, పిస్టనే కరగిపోవచ్చును.

మఱియొకటి. అంగడివారు చెప్పు సీ.సీ. లెక్క సాధారణముగా 3 బార్ల పీడనమునకు. దానిని 4 బార్లు చేసినను ధార మూడవవంతు హెచ్చదు. వర్గమూలము ననుసరించి నూటికి 15 పాళ్లే హెచ్చును.

అతడు 650 సీ.సీ.వి కొనెను. మిగిలిన పైకముతో పెట్రోలు పంపును మార్పించెను. పాత పంపు గంటకు 180 పౌనులు అందింపజాలకుండెను.