ఏడు రోజుల గడువు

పోయిన ఘడియ తిరిగి రాదని పెద్దలు చెప్పగా విన్నాము. టెలివిజను విషయంలో మాత్రం యీ నియమం కొంచెం సడలినది. నిన్న తప్పిపోయిన కార్యక్రమాన్ని యివాళ తీరిక వేళ చూచుకోవచ్చును. దీనికి క్యాచప్ అని పేరు. మా యింటి సెట్ టాప్ బాక్సులో యీ వసతికి ఏడు రోజుల గడువు. ఆ పైన కార్యక్రమం జాబితాలో వుండదు. ఆ ఏడు రోజులలో మేము పడిన పాట్లూ, వాటి వల్ల నేర్చుకొన్న నాలుగు ముక్కలూ పాఠకులతో చెప్పుకోవాలని యీ వ్యాసం.

మాది పావగడ. తుమకూరు జిల్లాలో వున్నా, మా తాలూకాకు చాలా వైపుల ఆంధ్రదేశమే సరిహద్దు. ఆఫీసులో ఫైళ్ళు కన్నడంలో వ్రాస్తాము. యింటికి వచ్చి చెప్పులు విడిచేసరికి నోట తెలుగు వస్తుంది. పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు వాళ్ళ చెవులకు తెలుసును గాని కళ్ళకు తెలియదు. మా అమ్మకు అసలు చదువే రాదు. కనుక మా యింట తెలుగు అంటే చెవిన పడేదే. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చిన తరువాత ఆ పని చాలావరకు టెలివిజనుదే అయినది. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టాక, మా వంటి యిండ్లలో పాటల పోటీ అంటే పండుగే. ఆయన 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. పిల్లల చేత పాడించే ఆ అలవాటు మాత్రం నిలిచినది.

మొన్న వేసవిలో మా అక్కగారి మనుమరాలు, పన్నెండేండ్ల పిల్ల, ఒక తెలుగు ఛానెలులో పాడినది. అక్క పోయి రెండేండ్లయినది. పిల్లకు అచ్చం అక్క గొంతే వచ్చిందని అందరూ అంటారు. అమ్మ వినలేదు. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు ప్రసారమంటే, ఆమె అయిదింటికే మంచి చీర కట్టుకొని టీవీ ముందు కూర్చున్నది.

అయిదూ ముప్పావుకు గాలివాన వచ్చి కరెంటు పోయినది. మా తాలూకాలోనే తిరుమణి చుట్టుప్రక్కల అయిదు గ్రామాలలో, సుమారు 13,000 ఎకరాలలో, 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వున్నది. యెంత కరెంటు పుట్టినా, మా వీధిలో తీగ తెగితే చీకటే గదా! కరెంటు వచ్చేసరికి ఎనిమిది.

“పోనీలే నాయనా, మన రాతలో లేదు,” అన్నది అమ్మ. మేనకోడలు ఫోనుకు అరనిమిషం తునక పంపినది. “ఈ అగ్గిపెట్టెలో నాకేమి వినపడుతుందిరా?” అని అమ్మ దానిని ప్రక్కన పెట్టినది.

మా అబ్బాయి ధైర్యం చెప్పాడు. “అవ్వా, బాధ పడొద్దు. ఏడు రోజులుంటుంది. రేపు చూద్దాం.”

సోమవారం రాత్రి భోజనాలయి అందరమూ కూర్చున్నాము. వేరే పిల్లలిద్దరు పాడారు. మా పిల్ల వచ్చినది, నమస్కారం చేసినది, నోరు తెరచినది. అంతే! బొమ్మ నీళ్ళలో చూచినట్టు మసకబారి, నిలిచిపోయి, నడుమ ఒక చక్రం తిరగసాగినది. నిమిషం గడిచినది, రెండు గడిచినవి.

“పిల్ల ఎందుకు పాడదురా? మరచిపోయిందా?” అన్నది అమ్మ.

మంగళవారం కేబులు అబ్బాయిని పిలిపించి, నెలనెలా డబ్బు తీసికొని యిదేమి వ్యవహారమని గట్టిగానే అడిగాము. అతడు ఓపికగా విన్నాడు. “సార్, డిష్షులో వచ్చేది వేరే, నెట్టులో వచ్చేది వేరే,” అని మొదలుపెట్టి, అరగంటలో మాకు పాఠమే చెప్పాడు. మా భాషలో దాని సారాంశం యిది.

ఉపగ్రహం నుండి వచ్చే ప్రసారం వర్షం వంటిది. ఒక యింటిపై కురిసినా లక్ష యిండ్లపై కురిసినా తరుగు లేదు. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు టెలివిజను చూపించారు. వాటిలో ఆంధ్ర, కర్ణాటక గ్రామాలున్నూ వున్నవి. ఊరంతా ఒక పెట్టె ముందు, ఒకే వేళకు కూర్చున్నారు. క్యాచప్ అట్లా కాదు. ఎవరు ఎప్పుడు అడిగితే అప్పుడు వారికి విడిగా పంపాలి. కార్యక్రమాన్ని కొద్ది సెకన్ల తునకలుగా కోసి, ఒకటి తరువాత ఒకటి పంపుతారు. బాక్సు కొన్ని తునకలను ముందుగా దాచి పెట్టుకొంటుంది. మేము నీళ్ళ ట్యాంకరు వచ్చేలోగా తొట్టి నింపి పెట్టుకొనట్లా? అదే బఫరు. వచ్చే దానికంటె ఖర్చు ఎక్కువైతే తొట్టి ఖాళీ, చక్రం తిరుగుతుంది. ఖాళీ కాబోతున్నదని తోచగానే బాక్సు ముతక తునకలు అడుగుతుంది. అందుకే ముందు బొమ్మ మసకబారినది.

మామూలు బొమ్మకు సెకనుకు సుమారు 3 మెగాబిట్లు, తేటగా వుండేందుకు 5, ఫోర్ కే అనే పెద్ద బొమ్మకు 15 వరకు కావాలట. 2023లో ప్రభుత్వం బ్రాడ్‌బాండు అనిపించుకోవడానికి కనీస వేగాన్ని 512 కిలోబిట్ల నుండి 2 మెగాబిట్లకు పెంచినది. అంటే పేరుకు బ్రాడ్‌బాండు వున్నా బొమ్మకు చాలకపోవచ్చును.

తప్పు యింటిలోదో లైనుదో తెలుసుకొనే ఉపాయమున్నూ అతడే చెప్పాడు. మోడెముకు తీగ తగిలించి వేగం చూడాలి. తరువాత టీవీ దగ్గర వైఫైలో చూడాలి. చూచాము. మోడెము దగ్గర పన్నెండు వున్నది, నడిమింట్లో రెండే! మోడెము వీధి గదిలో. నడుమ మా తాతల నాటి రాతిగోడ, మూరెడు మందం. మేమేమో కంపెనీని తిడుతున్నాము. దొంగ యింట్లోనే వున్నాడు. గురువారం గోడ పై నుండి తీగ లాగించి బాక్సుకు తగిలించాము. బొమ్మ తేటపడినది. సంతోషించాము గాని, రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ చక్రమే. ఆ వేళ మోడెము దగ్గరే వేగం పడిపోయినది. వీధి అంతటికీ లైను ఒకటి. అందరూ ఆ వేళనే చూస్తారు. శుక్రవారం రాత్రీ అంతే.

శనివారం మా ఊరు సంగతి వేరు. శనిమహాత్ముని గుడికి ఎక్కడెక్కడి నుండో జనం వస్తారు. ఆ సాయంత్రం అమ్మ అన్నది: “జనం ఎక్కువని నేను గుడికి తెల్లవారకముందే పోతాను గదరా. దీన్నీ అట్లే చూస్తే కాదా?”

మెట్రిక్యులేషను చదివిన మాకు, ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయికి తోచని మాట అది.

ఆదివారం నాలుగున్నరకు లేచాము. అమ్మ మళ్ళీ ఆ చీరే కట్టుకొన్నది. పిల్ల వచ్చినది, నమస్కారం చేసినది, పాడినది. మూడు నిమిషాల పాట. చక్రం రాలేదు. పాట అయిన తరువాత కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు.

“మీ అక్క కూడా చివర యిట్లే సాగదీసేది,” అన్నది అమ్మ. కొంచెమాగి, “యింకోసారి పెట్టు నాయనా,” అన్నది. వీధిలో పాలవాడి గంట వినబడేలోగా మూడుసార్లు విన్నది. ఆ సాయంత్రం చూచేసరికి జాబితాలో ఆ కార్యక్రమం లేదు.

మా వలె యిబ్బంది పడేవారికి మా మనవి యిది. బాక్సును తిట్టక ముందు యింటి గోడను చూడండి. వీలైతే తీగ వేయించండి. రాత్రి నడవకపోతే తెల్లవారుజామున ప్రయత్నించండి. అన్నిటికంటె ముఖ్యం, గడువు చివరి రోజు దాకా ఆగకండి. మాకు దక్కినది అదృష్టం వల్ల.

కేబులు అబ్బాయి ఆ నెల డబ్బుకు వచ్చినప్పుడు లోపలికి పిలిచి, మజ్జిగ యిచ్చి, ఆనాడు కోపంగా అన్న మాటలకు ఏమీ అనుకోవద్దన్నాము. “అయ్యో, అదెంత మాట సార్! అవ్వ పాట విన్నారా?” అని అడిగాడు. విన్నదని చెప్పాము.