ముందు నిలబడడం నేర్చుకో

పూల్ ఆట చూసేవారి కళ్లన్నీ బంతులమీదే ఉంటాయి. రంగురంగుల బంతులు 15, కొట్టే తెల్లబంతి ఒకటి. క్యారమ్ బల్లకు నాలుగు పాకెట్లయితే దీనికి ఆరు. ఆడేవారి కాళ్లవైపు చూసేదెవరు? మా అమ్మాయికి ఈ ఆటమీద మనసు పోకపోతే నేనూ చూసేదాన్ని కాదు.

పదహారేళ్ల పిల్ల పూల్ నేర్చుకుంటానన్నది. మావారు సరేనన్నారు. మా అత్తగారు మాత్రం, "ఆడపిల్ల నలుగురిలో బల్లమీద వంగి, కర్ర పుచ్చుకుని పొడవడమేమిటే, చోద్యం కాకపోతే!" అన్నారు. చివరికి ఒక రాజీ కుదిరింది. పిల్ల వెంట నేను వెళ్లి కూర్చోవాలి. మూడు నెలలయ్యాక, ఆ ముచ్చట ఉంచాలో మానిపించాలో అత్తగారు తేలుస్తారు.

ఆట నేర్పే పెద్దాయన పూర్వం ఒక క్లబ్బులో మార్కరుగా పనిచేశారట. మొదటి వారమంతా పిల్లచేత ఒక్క బంతీ కొట్టించలేదు. "ముందు నిలబడడం నేర్చుకో తల్లీ" అన్నారు. తెల్లబంతి వెనక నిటారుగా నిలిచి, అది పోవలసిన దారిని కంటితో గీసుకోవాలి. కుడిచేతివాటం వారైతే కుడిపాదం ఆ దారిమీద మోపి, ఎడమపాదం భుజాలంత ఎడంగా కాస్త ముందుకు వేయాలి. అప్పుడు తుంటి దగ్గర వంగి, గడ్డం కర్ర దగ్గరికి తేవాలి. ఎడమచెయ్యి తెల్లబంతికి 6, 7 అంగుళాల వెనక బల్లమీద ఆనాలి. కుడిమోచెయ్యి కదలకుండా, కింది చెయ్యి మాత్రం గడియారపు లోలకంలా ఊగాలి. వంగాక గురి కుదరలేదనిపిస్తే అటూ ఇటూ సర్దుకోగూడదు. లేచి, మళ్లీ మొదటినుంచి నిలబడాలి.

"ఇంత తతంగం ఎందుకండీ?" అని అడిగాను.

ఆయన లెక్క చెప్పారు. గురి ఒక్క డిగ్రీ తప్పితే, 6 అడుగులు దొర్లేసరికి బంతి 1¼ అంగుళాలు పక్కకు పోతుంది. బంతి మొత్తం అడ్డుకొలతే 2¼ అంగుళాలు! "అదీగాక, పూటకొక తీరున నిలబడితే బంతి ఎందుకు తప్పిందో ఎలా తెలుస్తుందమ్మా? తప్పు పాదానిదా, మోచేతిదా, చూపుదా? ఎప్పుడూ ఒకేలా నిలబడేవారికే ఆ జాడ దొరుకుతుంది. పొడుగువారికి ఒకలా, పొట్టివారికి ఒకలా కుదురుతుంది. కుదిరినదాన్ని మార్చకుండా ఉండడమే విద్య" అన్నారు.

ఇంటికొచ్చి అత్తగారికి ఈ ఆటల గొప్ప చెప్పబోయాను. దీనికి దగ్గరి చుట్టమైన స్నూకర్ 1875లో మన జబల్పూరులోనే సైన్యాధికారుల మధ్య పుట్టిందంటారనీ, విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో బిలియర్డ్స్ ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్ అయి, 1964లో మళ్లీ గెలిచారనీ చెప్పాను. అంతా విని, "ఆయన మగవాడు గదా!" అన్నారు ఆవిడ. ఇక నేనేం మాట్లాడను?

అయితే, బల్ల దగ్గర అన్ని సాయంత్రాలు కూర్చున్నాక నా చూపు మారింది. ఒక ఉదయం వాకిట్లో ముగ్గు వేస్తున్న అత్తగారిని చూస్తూ నిలబడిపోయాను. డెబ్బయి దాటిన మనిషి. కాళ్లు ఎడంగా వేసి, తుంటి దగ్గర వంగి, ఎడమచెయ్యి మోకాలిమీద ఆనించి, కుడిచేత్తో చుక్కలు పెడుతున్నారు. ఏనాడూ ఆ తీరు మారదు. చుక్క వంకర పోతే పక్కన అతుకు వేయరు. తుడిచి మళ్లీ పెడతారు. మా పెద్దాయన చెప్పిన విద్యంతా మా వాకిట్లోనే ఉంది! ఆ మాట ఆవిడతో అనలేదు. అంటే ఒప్పుకుంటారా?

గడువు దగ్గరపడేకొద్దీ పిల్ల ముఖం చిన్నబోసాగింది. ఇంట్లో బల్ల లేదు కాబట్టి భోజనాలబల్ల మీదనే, ఒక కర్ర పట్టుకుని రోజూ సాయంత్రం వంగడం సాధన చేసేది. అత్తగారు జపమాల తిప్పుకుంటూ కుర్చీలో కూర్చునేవారు. అటువైపు చూస్తున్నారని ఎవరూ అనుకోలేదు.

గడువుకు ఇంకా రెండు రోజులుండగా, జపం మధ్యలో ఆపి అన్నారు:

"ఎడమకాలు ఇంకాస్త ఎడంగా వెయ్యవే. నిన్నటిలా లేదు."

మూడు నెలలు నిండి పదిరోజులయింది. ఆ మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సాయంత్రం అయిదు కాగానే మాత్రం, "పిల్లకు ఆలస్యమవుతోంది, ఇంకా తెమలవేం?" అని నామీద కేకలేస్తున్నారు.