ఇరువురి చేతి పద్దు

దుబాయి నగరములోని అల్ కూజ్ పారిశ్రామిక వాడలో, బయటినుండి చూచువారికి గోదామేమో యనిపించు ఒక పొడవైన రేకుల కప్పు క్రింద, ఆ నగరపు హోటళ్ళలో ముందటి రాత్రి బస చేసిపోయిన అతిథుల దుప్పట్లు, దిండు గలేబులు, తువాళ్ళు ప్రతి ఉదయమును బండ్లకొలది వచ్చి పడుచుండును. వాటిలో ఏది ఎక్కడ నున్నదో, ఏ పని ఎంతవరకు సాగినదో తెలుపు సాఫ్ట్‌వేరును నడుపుచుండుట నా ఉద్యోగము. ఈ సంగతిని బెల్లంపల్లిలోని మా బంధువులకు కొంత గాంభీర్యముతోనే వివరించితిని. అంతయు ఓపికగా విని మా మేనత్త, "అంటే బట్టల పద్దు రాస్తున్నవన్నట్టు" అని ఒక్క ముక్కలో తేల్చివేసినది. అంతకంటె సరియైన నిర్వచనము నాకు నేటివరకును దొరకలేదు.

బెల్లంపల్లివలె బొగ్గుతో బ్రదికిన ఊరికి ఉతుకు విలువను ఒకరు చెప్పనక్కరలేదు. అచ్చటి శాంతిఖని బొగ్గుగనిలో మొదటి షిఫ్టుకు దిగినవారు మధ్యాహ్నము పైకి వచ్చినపుడు ఎవరి చొక్కా ఏ రంగుదో పోల్చుకొనుట కష్టము. బాయిపని, అనగా గనిపని, చేయువారి ఇండ్లలో ఆ మసిబట్టలను ఆడవారే బండమీద బాదుకొనుచుండిరి. ఆఫీసర్ల బంగళాలకును, బాబుల క్వార్టర్లకును మాత్రము రజకులు వచ్చి మూట గట్టుకొని పోయెడివారు. మూట గట్టునపుడు ఆ ఇంటి ఇల్లాలు గడపమీద కూర్చుండి, పంచెలిన్ని, చీరలిన్ని, లాగులిన్ని యని ఒక చిన్న నోటుపుస్తకములో వ్రాసికొనెడిది. పుస్తకము ఆమెది, కలము ఆమెది, కూడిక ఆమెది. ఎదుట కూర్చున్న రజక స్త్రీకి అక్షరము రాదు. ఆమె లెక్క ఆమె తలలోనే యుండెను.

వ్రాత లేకపోయినను ఆమెకు గుర్తు మాత్రము ఉండెను. నల్లజీడి గింజ పెంకులోని రసమును సూదిమొనతో తీసి, చొక్కా మెడపట్టీ లోపలనో, చీర అంచుననో, ఇంటికొక విధముగా చుక్కలు పెట్టి, పైన సున్నమద్దినచో ఆ నలుపు బట్ట చిరుగువరకు పోదు. ఆ రసము తగిలినచో చర్మము బొబ్బలెక్కును గనుక అది చేయి తిరిగినవారే చేయవలసిన పని. నాలుగిండ్ల తెల్లచొక్కాలు ఒకే బానలో కలిసిపోయినను, మూడు చుక్కలది ఒక ఇంటిది, రెండు చుక్కల క్రింద గీత గలది మరియొక ఇంటిది అని క్షణములో వేరుపడెడివి. బట్ట ఎవరిదో ఆ చుక్క చెప్పును; ఎన్ని వచ్చినవో చెప్పలేదు. "ఇరువై మూడే గదమ్మా మీరిచ్చింది" అని ఆమె ఎంత మొత్తుకొన్నను, పుస్తకములో ఇరువదినాలుగని యున్నచో ఆ నెల కూలిలో ఒక చీర ఖరీదు తెగవలసినదే. తగవు తీర్చుటకు ఆ పుస్తకము తప్ప వేఱొక సాక్ష్యము లేకుండెను, ఆ సాక్ష్యమో ఒక పక్షము వారి పెట్టెలో నుండెను.

ఇచ్చట, దుబాయిలోని మా లాండ్రీలో, ఆ చుక్కకు బదులు చిన్న చిప్పు కలదు. నీటికిని వేడికిని తాళునట్టి పొరలో దానిని మూసి దుప్పటి అంచులో కుట్టివేయుదురు. దానికి బ్యాటరీ లేదు. ఎదుటి యంత్రము పంపు రేడియో తరంగమునుండియే శక్తిని గ్రహించి తన అంకెను తెలుపును. సామాన్యముగా రెండువందల ఉతుకులవరకు నిలుచునని తయారు చేయువారు హామీ యిత్తురు. బార్‌కోడైనచో బట్టలను ఒక్కొక్కటిగా విప్పి చూపవలెను. ఈ పద్ధతిలో మూట విప్పకయే, బండిని ఒక చిన్న గదిలోనికి త్రోసి తలుపు మూసినచో, లోనున్న వందలాది బట్టల లెక్క కొలది క్షణములలో తెరమీదికి వచ్చును. హోటలువారు నూఱు పంపితిమందురు, లాండ్రీవారు తొంబదియాఱే చేరినవందురు. ఆ నాలుగింటికై నెల చివర బిల్లుల వేళ జరుగు వాగ్వాదము ఈ పరిశ్రమలో బహు పాతకథ. హోటలు గుమ్మము వద్ద ఒకసారి, మా గుమ్మము వద్ద ఒకసారి యంత్రము చదివి, ఆ రెండు పట్టికలను ఇరుపక్షముల తెరలమీదను ఏకకాలమున నిలుపుటతో, పోయిన తువాలు ఏ గుమ్మము దాటలేదో ఇద్దరికిని కనిపించుచున్నది గనుక, ఇప్పుడు వాదించుటకు మారుగా వెదకుచున్నారు.

యజమానుల దృష్టి యెల్లప్పుడు ఉతుకు యంత్రముమీదనే నిలుచును, అది పెద్దది గనుకను, దాని ఖరీదు మఱింత పెద్దది గనుకను. మా యంత్రము సొరంగము వంటిది. మురికి బట్ట ఒక కొననుండియు, శుభ్రమైన నీరు రెండవ కొననుండియు బయలుదేరి ఎదురెదురుగా సాగుటచేత, కడపట జాడించిన నీరే మొదట నానబెట్టుటకు అక్కరకు వచ్చును. చూడముచ్చటైన ఏర్పాటే. కాని ప్రతి దశలోను బట్ట వచ్చిన వేళయు, పోయిన వేళయు నమోదు కాజొచ్చిన పిమ్మట తేలినదేమనగా, ఆలస్యము అంతయు ఆ సొరంగము దాటిన తరువాత, తడి దుప్పటిని ఇద్దరు మనుష్యులు విప్పి వేడి రోలరుకు అందించు చోటనే జరుగుచున్నది. మరియొక ఉతుకు యంత్రము కొనవలెనన్న ఆలోచన ఆ పట్టిక చూచిన పిదప మానుకొనిరి. రంగురంగుల బొమ్మలతో సాఫ్ట్‌వేరు అమ్మవచ్చువారు ఈ సంగతిని చివరకు గాని చెప్పరు; నా దృష్టిలో దానికి పెట్టిన డబ్బు తిరిగి వచ్చినది ఇచ్చటనే.

ఆ రోలరు వద్ద నిలుచువారు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములవారు, నేపాలువారు, బంగ్లాదేశమువారు. ఊరిలో ఒక కులమునకు ముడివడిన ఈ పనిని ఇచ్చట అన్ని కులములవారును చేయుదురు. సెలవుమీద ఇంటికి పోయినపుడు మాత్రము "కంపెనీల పని" అని చెప్పి ఊరకుందురు. జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎవరిచేతను పని చేయింపరాదని ఇచ్చటి ప్రభుత్వపు నిబంధన కలదు గాని, అది ఆరుబయట పనికి వర్తించునదే. కప్పు క్రింద ఆవిరిలో నిలుచువారి మాట అందులో లేదు. వారి తలలపైని తెరమీద గంటకెన్ని దుప్పట్లు సాగినవో చూపు అంకె మాఱుచుండును. సిరిసిల్ల యువకుడొకడు ఒకనాడు నన్ను ప్రక్కకు పిలిచి, "అన్నా, మెషిన్ ఆగినప్పుడు గూడ నా లెక్కనే తగ్గుతది. ఆ కాయిదం నాకెన్నడు సూపిస్తరే?" అని అడిగెను.

అతని ప్రశ్న బెల్లంపల్లిలో పుట్టినవానికి వెంటనే అర్థమగును. బాయిలోనికి దిగువాడు ల్యాంపురూములో తన అంకె గల దీపమును తీసికొని పోవును. షిఫ్టు ముగిసిన పిమ్మట ఒక దీపము తిరిగి రాకున్నచో, ఒక మనిషి ఇంకను లోపలనే యున్నాడని పైవారికి తెలియును. భూగర్భములో పనిచేయువారి పట్టీని ఉంచవలెనని 1952 నాటి గనుల చట్టమే విధించినది. ఇక మస్టర్ల, అనగా హాజరు దినముల, సంగతి చెప్పనేల? తనకెన్ని మస్టర్లు పడినవో ప్రతి కార్మికునికిని కంఠస్థము. ఒకటి తగ్గెనా, టైంకీపరు కిటికీ వద్ద తగవు తప్పదు. ఇచ్చట ఎమిరేట్సు దేశములోను 2009లో వచ్చిన వేతన రక్షణ విధానము వలన జీతము బ్యాంకు మార్గముననే పడుచు, ఎంత పడినదో పనివానికిని ప్రభుత్వమునకును గూడ కనిపించుచున్నది. జీతమునకు వర్తించిన న్యాయము దుప్పట్ల లెక్కకేల వర్తింపరాదు? యంత్రము ఆగిన నిమిషములను పట్టికలో వేఱుగా చూపించి, వారమునకొకసారి ఆ కాగితమును రోలరు ప్రక్క గోడకు అంటించుటకు పైవారిని ఒప్పించుటలో కొంతకాలము గడచినది. ఇప్పుడు అంటించుచున్నారు.

బెల్లంపల్లి బజారులో లాండ్రీ పెట్టిన నా బావమరిది, "బావా, మనకు గూడ గసొంటి సాఫ్ట్‌వేరొకటి సూడరాదు" అని ఫోను చేయుచుండును. చిప్పులు నీకు వలదంటిని. దుప్పటి హోటలుదే గనుక అందులో చిప్పు కుట్టవచ్చును. వారమునకొకసారి వచ్చు పరుల చొక్కాకు ఎవడు కుట్టనిచ్చును? అతనికి కావలసినది వరుస అంకె గల రసీదు, అదే అంకె గల చీటీ బట్టకు పిన్ను చేయుట, ఊడిన గుండీ గాని నూనె మరక గాని ఉన్నచో తీసికొనునపుడే ఫొటో తీయుట, ఎన్ని బట్టలు వచ్చినవో అప్పటికప్పుడు బట్టలు ఇచ్చినవారి ఫోనుకు సందేశము పంపుట, ఇస్త్రీయైన కట్ట ఏ అరలో నున్నదో వ్రాసియుంచుట. ఈ పాటి పనికి చేతిలోని ఫోను చాలును. రజకుల లాండ్రీలకును ధోబీఘాట్లకును 2021 ఏప్రిల్ 1 నుండి తెలంగాణ ప్రభుత్వము నెలకు 250 యూనిట్ల విద్యుత్తును ఉచితముగా నిచ్చుచున్నది గనుక, ఫోనుకు తోడు బల్లమీద చిన్న కంప్యూటరు పెట్టుకొనదలచినను కరెంటు ఖర్చని వెనుదీయ నక్కరలేదు.

గల్ఫునుండి తిరిగిపోయి మంచిర్యాలలోనో, బెల్లంపల్లిలోనో లాండ్రీ పెట్టదలచిన సోదరులకు ఒక విన్నపము. సాఫ్ట్‌వేరు అమ్మువానిని ధర అడుగుటకు ముందు, మీ వద్ద బట్టకింత యని కూలికి ఇస్త్రీ చేయు మనిషి ఆనాటి తన లెక్కను తన ఫోనులో తాను చూచుకొనగలడా అని అడుగుడు. చూచుకొనలేడని అతడన్నచో మరియొకనిని పిలువుడు.