కొండకు కాపలా కాసే ఊళ్లు

కర్నూలు, కడప వైపు ఉండే మీకు వేసవి కొండల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎండలు ముదిరాక ఒక్కోరాత్రి నల్లమల వైపో, పాలకొండల వైపో ఎర్రటి మంట గీతలా పాకుతూ కనిపిస్తుంది. ‘అయ్యో’ అనుకుంటాం, కిటికీ మూసి పడుకుంటాం. అది మన కొండ కాదుగా!

ఆ కొండ మాదే అనుకున్న ఊళ్లు మన సీమలోనే ఉన్నాయి, చూసొద్దాం రండి. కర్నూలు నుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుని, అనంతపురం దాటి చెన్నేకొత్తపల్లిలో దిగండి. ఆ మండలంలోనే ముష్టికోవెల అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల కొండల్లో పెరిగిన అడవి పేరు కల్పవల్లి.

1990 నాటికి అవి బోడికొండలు. వంటచెరకు కోసం కొట్టగా, మేకలు మేయగా, వేసవిలో తగలబడగా మిగిలింది రాళ్లూ రప్పలే. పట్టా భూములు కావు, సర్కారు బంజర్లు. అందరిదీ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడు రాగా 1992-93లో ముష్టికోవెల వాళ్లు కాపలాకి దిగారు. తర్వాత ఇరుగుపొరుగు ఊళ్లూ చేయి కలిపాయి. అందరూ కలిసి కాపాడుకున్న నేల ఏడు వేల ఎకరాల పైమాటే!

విత్తనాలు చల్లారు, మొక్కలు నాటారు. కానీ ఎక్కువ పని చేసింది నేలతల్లే. నరికిన మోడు కింద వేరు బతికే ఉంటుంది కదా! గొడ్డలీ, నిప్పూ దూరంగా ఉంటే చిగురు దానంతటదే వస్తుంది. ఒక్క మంట చాలు, ఆ చిగురంతా మాడిపోవడానికి.

అందుకే గడ్డి ఎండే వేళకి కొండ మీద వెడల్పుగా గడ్డి కోసేసి ఖాళీ బాటలు తీస్తారు. మంట అక్కడిదాకా వచ్చినా అంటుకోవడానికేమీ దొరక్క ఆగిపోతుంది. పొగ కనిపించిందా, పచ్చి కొమ్మలు విరుచుకుని పరుగెత్తుతారు, బాది బాది ఆర్పుతారు. కొండ మీద బిందెలతో నీళ్లెక్కడివి మరి?

ఆ కష్టం ఊరికే పోలేదు. పశువులకి మేత, ఇంటి కప్పుకి బోదగడ్డి, చీపుళ్లకి గడ్డి, బుట్టలకీ చాపలకీ ఈతాకు అక్కడే దొరుకుతున్నాయి.

పోపు మాడితే మళ్లీ వేసుకుంటాం. కొండ మాడితే మళ్లీ పచ్చబడటానికి ఏళ్లు పడుతుంది. శివరాత్రికి నల్లమల దారిలో శ్రీశైలం నడిచి వెళ్తూ మూడు రాళ్లు పెట్టి వండుకునే అక్కచెల్లెళ్లకి ఒక్క మాట. పొయ్యి ఆర్పి, నీళ్లు చల్లి, బూడిద పూర్తిగా చల్లారిందో లేదో చూసుకుని మరీ కదలండి. కొండ మనదే అనుకోవడానికి అంతకన్నా మంచి మొదలు ఏముంటుంది?