నాన్న కారు దిగలేదు

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు, పంజాగుట్టలో ఇల్లు. ఆ కుర్రాడి మనసంతా మాత్రం నాన్న పాత మారుతి 800 మీదే. దాన్ని రెండంగుళాలు కిందికి దించాలి! ముందు స్ట్రట్ మీద స్ప్రింగు కూర్చునే కప్పును గ్రైండర్‌తో కోసేసి, మరలున్న అల్యూమినియం తొడుగు, పొట్టి స్ప్రింగు వేస్తే సరి. నట్టు తిప్పితే కారు లేస్తుంది, దిగుతుంది.

"ఆ తొడుగు దేనిమీద నిలబడుతుంది బాబూ?" అన్నాడు మెకానిక్.

కింద రింగు వెల్డింగ్ చేయాలి. స్ట్రట్ లోపల నూనె ఉంటుంది. తీయకుండా వెల్డింగ్ పెడితే సీలు మాడుతుంది, పేలినా పేలొచ్చు. ఆపైన ఆ మూల బరువంతా ఆ అతుకు మీదే. కారు దిగితే రాడ్డు ఆడే చోటూ తగ్గుతుంది.

నాన్న చట్టం చెప్పారు. 2019 సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కుర్రాడు వింటేగా!

మర్నాడు నానమ్మను నిమ్స్‌కి తీసుకెళ్లాడు. గతుకు గతుక్కీ వెనక సీట్లోంచి "అమ్మా" అని మూలుగు. ఇంటికొచ్చేసరికి పదకొండు లెక్క తేలాయి.

దాచుకున్న డబ్బుతో కంపెనీ స్ట్రట్లు, స్ప్రింగులే వేయించాడు. పాతవి కుంగిపోయి ఉన్నాయేమో, కారు దిగకపోగా అరంగుళం లేచింది.